దండెం మీది నీలం వైరు

పది నిమిషాల పని అన్నాడు సుమన్. మెట్లు దిగుతూ ఒకసారి, ముందు గదిలో చాప మీద కూర్చుంటూ ఒకసారి, లాప్‌టాప్ మూత తెరుస్తూ ఇంకోసారి, మూడుసార్లూ పది నిమిషాలే అన్నాడు. అప్పుడు టైము పదిన్నర.

బాన్సువాడలో ఆ ఇల్లు బాలన్నది. ఆయన నిజాంసాగర్ కాల్వ మీద లష్కర్. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన పని. కింది గదుల్లో ఆయనా, భార్య పూలమ్మా, కూతురు వనితా ఉంటారు. మేడ మీది ఒంటి గదిలో సుమన్ కిరాయికి ఉంటాడు. పిట్లం దగ్గరి తండాలో పుట్టి, హైదరాబాద్ హాస్టళ్లలో చదివి, ఇప్పుడు ఇక్కడే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తున్నాడు. ఆ రోజు రెండో శనివారం కాబట్టి అతనికి సెలవు.

వనితకు మాత్రం అదే ఉద్యోగంలో మొదటి రోజు. ఎనిమిది నెలలు వెతికితే దొరికింది. ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీ తరఫున ఫోన్లలో జనం ఫిర్యాదులు వినాలి. మధ్యాహ్నం రెండింటికల్లా లాగిన్ కావాలి. రెండు దాటితే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకు ఇచ్చేస్తామని మెయిల్లో ఎర్ర అక్షరాలతో రాశారు. మొబైల్ డేటా పనికిరాదట, ముందే పరీక్ష చేసి రాసుకున్న ఇంటి నెట్ మీదే రావాలట. ముందు గదిలో కూర్చుందామంటే రోడ్డు మీది లారీల హారన్లు. వెనక గదిలో కూర్చుంటే వైఫై వస్తూ పోతూ ఉంది. నిన్నటి పరీక్షలోనే రెండుసార్లు తెగింది.

"రౌటర్ మంచిదే అక్కా," అన్నాడు సుమన్. "లోపల నడిచే ప్రోగ్రాం ఉంటది చూడు, ఫర్మ్‌వేర్ అంటరు, అది ముసలిదయింది. కంపెనీవాళ్లు నాలుగేండ్ల కిందనే వదిలేసిండ్రు. కానీ మస్తుమంది కలిసి ఫ్రీగా వేరేది తయారుచేసి పెట్టిండ్రు. ఓపెన్ సోర్స్! అది ఎక్కిస్తే పాత డబ్బా కొత్తగయితది."

"నువ్వు ఇంతకుముందు ఎక్కించినవా?"

"వీడియోలు చూసిన అక్కా. ఒకటి గాదు, పదకొండు."

వనిత గోడ గడియారం వైపు చూసింది, అతని వైపు చూసింది. "రెండు దాటితే నా నౌకరి పోతది సుమన్. ఎర్కనే గదా?"

"ఫికర్ చెయ్యకు. పది నిమిషాలు."

అది నాలుగోసారి.

మొదలుపెట్టేముందు పూలమ్మను పిలిచి మరీ చెప్పాడు, ఎందుకంటే ఆ ఇంట్లో నెట్ రాకపోయినా, టీవీలో బొమ్మ ఆగిపోయినా, మిక్సీ తిరగకపోయినా పూలమ్మ చేసే వైద్యం ఒక్కటే. స్విచ్ ఆర్పుతుంది, పది లెక్కపెడుతుంది, మళ్లీ వేస్తుంది. "పెద్దమ్మా, ఇది ఎక్కుతున్నప్పుడు కరెంటు పోవద్దు. పోయిందంటే రౌటర్ సచ్చినట్టే. స్విచ్ ముట్టకు."

"నాకేం పని, నేను బియ్యం ఏరుకుంట," అంది పూలమ్మ, చాట పట్టుకుని అక్కడే కూర్చుంటూ.

పాత ప్రోగ్రాం పేజీలోనే కొత్తది ఎక్కించే చోటు ఉంది. సుమన్ ఫైలు చూపించాడు, అవునన్నాడు, ఇంకోసారి అవునన్నాడు. నీలం గీత మెల్లగా సాగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ ఒక మూల ఎర్రబడింది. ఛార్జింగు ఆరు శాతం. ఛార్జర్ పైన గదిలో! రెండేసి మెట్లు దూకుతూ పైకి పోయాడు, మంచం కింద వెతికాడు, దిండు కింద దొరికింది, మళ్లీ రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. గడపలోనే ఆగిపోయాడు.

పూలమ్మ లేచి నిలబడి ఉంది. ఆమె చెయ్యి స్విచ్ బోర్డు మీద ఉంది.

"పెద్దమ్మా!"

ఆ కేకకు ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. చాటలోని బియ్యం నేల మీద పడ్డాయి. "అట్ల ఒర్రుతవేంది బిడ్డా, పానం పోయింది! నేను తియ్యలే. ముట్టిన గాని తియ్యలే. గా ప్లగ్గు వదులైంది, ఊడిపోతదేమోనని ఒత్తి పట్టుకున్న."

సుమన్ ఆ మాటలు సగమే విన్నాడు. అతని కళ్లు రౌటర్ మీద ఉన్నాయి. గోడకు కొట్టిన చెక్క మీద రౌటర్ ఎప్పటిలాగే కూర్చుని ఉంది. ఒక పచ్చ లైటు కదలకుండా వెలుగుతోంది. ఎప్పుడూ మిణుకుమిణుకుమనే వైఫై లైటు మాత్రం ఆరిపోయింది. లాప్‌టాప్‌లో నీలం గీత లేదు. కనెక్షన్ తెగింది అని ఒక్క ముక్క ఉంది, అంతే.

ఆగుదాం, కొత్తది కదా, టైము పడుతుంది అనుకున్నాడు. ఐదు నిమిషాలు ఆగాడు. ఇంకో ఐదు ఆగాడు. ఫోన్‌లో వైఫై పేర్లు వెతికాడు. పక్కింటివాళ్లది వచ్చింది, ఎదురింటివాళ్లది వచ్చింది, మూల మీది టైలరు దుకాణంది కూడా వచ్చింది. 'బాలన్న లష్కర్' అన్న పేరు మాత్రం రాలేదు. వనిత ఫోన్‌లో చూశాడు. అందులోనూ లేదు. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. లేదు.

"ఏమైంది?" అంది వనిత.

"ఏం గాలే. అంటే... ఏమో అక్కా, తెలుస్తలేదు."

వెనకవైపు ఉన్న చిన్న రంధ్రంలో సూది పెట్టి పది సెకన్లు నొక్కితే రౌటర్ మొదటికి వస్తుందని ఒక వీడియోలో చూశాడు. నొక్కాడు. పచ్చ లైటు గబగబా మిణుకుమంది, కాసేపటికి లైటు మళ్లీ కదలకుండా నిలబడింది. వైఫై లైటు వెలగలేదు. చచ్చిపోయిందంటే సూది గుచ్చితే ఎందుకు మిణుకుమంటుంది? బతికుందంటే పిలిస్తే ఎందుకు పలకదు? మొబైల్ డేటా మీద ఎక్కడెక్కడో చదివాడు. పోయింది, పారెయ్ అని ఒకడు రాశాడు. లేదు లేదు, ముప్పై సెకన్లు నొక్కాలి అని ఇంకొకడు. అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ చూడు, తప్పు ఫైలు వేసి ఉంటావ్ అని వేరొకడు. రౌటర్ తిప్పి చూశాడు, స్టిక్కర్ మీద మూడు అని ఉంది, తను వేసిన ఫైలు పేరులోనూ మూడు అనే ఉంది. అన్నీ సరిగానే ఉన్నాయి, ఏదీ పనిచేయడం లేదు. ఇంక మిగిలింది ఒక్కటే కారణం.

"నేను పైకి పోయినప్పుడు కరెంటు పోయుంటది," అన్నాడు మెల్లగా. అని పూలమ్మ వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

వనిత కూడా అటే చూసింది. "అమ్మా! స్విచ్ తీసినవా?"

"లేదు బిడ్డా."

"నీకు అలవాటే గదా! ఏది ఆగినా టక్కున తీసుడు, మల్ల ఏసుడు. ముట్టకని వాడు చెప్పి పోయిండా లేదా?"

"ప్లగ్గు పట్టుకున్న గంతే. తియ్యలే."

"ఎందుకు పట్టుకున్నవ్? నిన్ను ఎవలు పట్టుకోమన్నరు?"

పూలమ్మ కింద కూర్చుని పడిపోయిన బియ్యం గింజ గింజ ఏరి చాటలో వేసుకోవడం మొదలుపెట్టింది. సుమన్ రౌటర్‌ను మళ్లీ తిప్పి స్టిక్కర్ చూశాడు. నిజంగా ఆమె తీసిందేమో. తీయలేదేమో. అతనికి తెలియదు. తీసిందనుకుంటే మాత్రం తన తప్పు లేదు, ఆ ఊరట చిన్నది కాదు.

పన్నెండు దాటింది. ఇంటింటికీ నెట్ వైరు లాగే సాయన్నకు ఫోన్ చేశాడు.

"ఏం లైట్లు వెలుగుతున్నయ్?" అన్నాడు సాయన్న. వెనక లారీల మోత.

"ఒక్క పచ్చది అన్నా. వైఫై వస్తలేదు. నేను లోపలి ప్రోగ్రాం మార్చిన, అప్పటిసంది..."

"ఏం మార్చినవ్?"

"ప్రోగ్రాం అన్నా. ఓపెన్ సోర్స్ ది."

"తమ్మీ, నాది స్తంభం నుంచి డబ్బా దాంక. డబ్బా లోపల నువ్వు ఏం ఆపరేషన్ చేసినవో నాకేం తెలుస్తది? నేను మద్నూర్ల ఉన్న. పొద్దుమీకి వస్త."

పొద్దుమీకి, అంటే సాయంత్రానికి! వనిత ఆ మాట విని వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఏడుపు వినపడలేదు. వినపడితేనే బాగుండు అనిపించింది సుమన్‌కు.

ఒంటిగంట అవుతుండగా బాలన్న మోటర్‌సైకిల్ ఆపి లోపలికి వచ్చాడు. అన్నానికి రోజూ ఆ టైముకే వస్తాడు, ప్యాంటుకు మోకాళ్ల దాకా కాల్వ బురద. ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. భార్య మూల కూర్చుని బియ్యం ఏరుతోంది, కూతురు కనబడటం లేదు, కిరాయి పిల్లగాడు రౌటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవలన్న పోయిండ్రా ఏంది, గిట్లున్నరు?"

సుమన్ అంతా చెప్పాడు. ఫర్మ్‌వేర్, ఫైలు, నీలం గీత, సూది, స్టిక్కరు, అన్నీ ఒకే ఊపిరిలో. బాలన్న కాళ్లు కడుక్కుంటూ విన్నాడు, తుడుచుకుంటూ విన్నాడు, సగం అర్థమైనట్టు కూడా కనబడలేదు. చివరికి వచ్చి రౌటర్ ముందు వంగి చూశాడు.

"లైటు వెలుగుతనే ఉంది గదా."

"వెలుగుతుంది పెద్దనాయినా. కానీ వైఫై వస్తలేదు. ఖరాబైంది."

"నీకెవలు చెప్పిండ్రు ఖరాబని?"

"వస్తలేదు గదా మరి!"

"రాకపోతే ఖరాబేనా?" బాలన్న తువ్వాల భుజాన వేసుకున్నాడు. "పోయిన యాసంగి పంటకు మా తూముకు కొత్త షట్టర్ బిగించిండ్రు. తెల్లారి రైతులంతా నా మీద పడ్డరు. నీళ్లు వస్తలేవు, షట్టర్ ఖరాబు, వాపస్ పంపమని. పోయి చూస్తే ఏమున్నది? దించి పెట్టి ఉన్నది. బిగించినోడు ఎప్పుడన్న దించే పోతడు. వాడు ఎత్తి పోయిండనుకో, కింద ఎవని పొలం మునుగుతదో వానికేం ఎర్క? ఎత్తుడు వాని పని గాదు. ఏడికాడి లష్కర్‌ది."

సుమన్ ఆరిపోయిన వైఫై లైటు వైపు తిరిగాడు.

"వైఫై... దించి పెట్టిండ్రంటవా?"

"నాకేం తెలుసు బిడ్డా. నేను తూము గురించి చెప్పిన."

సుమన్ అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. ఈసారి వీడియోలు కాదు, ఆ ప్రోగ్రాం తయారుచేసినవాళ్లే రాసిపెట్టిన పేజీ తెరిచాడు. పొద్దున ఆ పేజీలో ఫైలు దించుకునే బటన్ ఒక్కటే చూశాడు, కింద రాసింది చదవలేదు. ఇప్పుడు చదివాడు. ఎక్కించాక మొదట వైఫై ఆపేసి ఉంటుంది, పాస్‌వర్డ్ లేకుండా ఊరందరికీ తెరిచి పెట్టకూడదు కాబట్టి. వైరుతో కలిపి, పాస్‌వర్డ్ పెట్టి, మీరే ఆన్ చేసుకోండి. అంతే. రెండు వాక్యాలు. పదకొండు వీడియోలు చూసినవాడు రెండు వాక్యాలు చదవలేదు.

నోట్లోంచి "యాడీ" అని తండా మాట ఊడిపడింది. దెబ్బ తగిలినప్పుడు అమ్మను అలాగే పిలుస్తాడు.

చావలేదు! మరి కరెంటు పోలేదా? గోడకున్న ప్లగ్గు దగ్గరికి పోయి చూశాడు. బోర్డులో అది ఒక పక్కకు వేలాడుతోంది. వేలితో ఇట్టే తాకాడో లేదో పచ్చ లైటు టప్పున ఆరింది. గట్టిగా లోపలికి ఒత్తితే మళ్లీ వెలిగింది. సుమన్ ఆ చెయ్యి అక్కడే ఉంచి కదలకుండా నిలబడ్డాడు. పొద్దున పూలమ్మ చెయ్యి సరిగ్గా ఇక్కడే ఉంది. ఇలాగే ఒత్తి ఉంది.

తలుపు తెరుచుకుని వనిత బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇగ కంపెనీకి మెయిల్ పెడుతున్న. మా అమ్మ స్విచ్ తీసింది, అందుకే రాలేదని రాయాల్నా ఏంది, నవ్వుతరు."

"అక్కా, పెద్దమ్మ తియ్యలే." సుమన్ ఆగకుండా చెప్పేశాడు. "తప్పు నాది. వైఫై అదే మూసుకొని ఉంటదట, నేను చదువలే. ప్లగ్గు ఊడిపోతుంటే పెద్దమ్మ పట్టుకున్నది. పట్టుకోకపోతే నిజంగనే సచ్చిపోతుండె. నాకు తెల్వక... తెల్వదని చెప్పకుండ, ఆమె మీదికి తోసిన."

పూలమ్మ తలెత్తలేదు. "నేను పొద్దుగాలనే చెప్పిన," అంది చాటతో.

"మరి ఇప్పుడు వస్తదా రాదా?" అంది వనిత. తల్లి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. గడియారంలో ఒంటిగంటా పదిహేను.

"వస్తది. వైరు కావాలె. ఈ లాప్‌టాప్‌కు, రౌటర్‌కు నడుమ వైరు." అతనిది హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మందపు లాప్‌టాప్, వైరు పెట్టే చదరపు రంధ్రం దానికి ఇంకా ఉంది. వైరే లేదు. స్తంభం నుంచి వచ్చే సాయన్న వైరు ఉంది కానీ దాని రెండో కొస స్తంభం మీద ఉంది. వనిత స్కూటీ తీసి బస్టాండు దగ్గరి రెండు మొబైల్ దుకాణాలు తిరిగి వచ్చింది. అంతా వైఫైయే కదమ్మా, ఆ వైరు ఎవరు కొంటున్నారు, నిజామాబాద్‌లో దొరుకుతుంది అన్నారట. ఒంటిగంటా ముప్పై ఐదు.

సుమన్ మళ్లీ సాయన్నకే ఫోన్ కొట్టాడు.

"వైరా?" అన్నాడు సాయన్న. "మీ ఇంట్లనే ఉండాలె గదా. నీకంటే ముందు పైన భీంరావు ఉండె చూడు, ఆయన కంప్యూటర్‌కని కింది నుంచి పైకి నేనే ఏసిన. నీలంది, ముప్పై ఫీట్లు. ఆయన ఖాళీ చేసి పోయినంక గదేడ పాయె?"

ఫోన్ స్పీకర్ మీద ఉంది. అందరూ విన్నారు. పూలమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది.

"నీలందా?" అంది మెల్లగా.

"ఔ పెద్దమ్మా, నీలంది. చూసినవా?" అన్నాడు సుమన్.

"చూసుడేంది." పూలమ్మ లేచింది. "దాని మీద మీ పెద్దనాయిన లుంగీ ఆరుతున్నది."

నలుగురూ మేడ మీదికి పరుగెత్తారు. నీళ్ల ట్యాంకు పైపు నుంచి మెట్ల గోడ కొక్కెం దాకా నీలం దండెం, దాని మీద లుంగీ, రెండు చీరలు, దుప్పటి. రోజూ ఆ దండెం కింది నుంచే తల వంచి తన గదిలోకి పోతాడు సుమన్. ఏడాదిగా తన చొక్కాలు కూడా దాని మీదే ఆరేస్తున్నాడు! తడి బట్టలు పిట్టగోడ మీద పడ్డాయి. బాలన్న ముళ్లు విప్పుతున్నాడు. రెండు కొసలకూ పాల ప్యాకెట్ కవర్లు చుట్టి, గట్టిగా దారం కట్టి ఉంది.

"గిదేంది పెద్దమ్మా?"

"కొసకు గా గాజు పుల్ల లెక్క ఉంటది చూడు, చీరలు చినుగుతున్నయ్. అందుకే కట్టిన."

కవర్లు విప్పితే లోపల ప్లగ్గులు వానకు తడవకుండా, తుప్పు పట్టకుండా తళతళలాడుతున్నాయి. ఒకదానికి మాత్రం పట్టి ఉంచే ముక్క విరిగిపోయి ఉంది. దాన్ని రౌటర్‌కు పెడితే నిలవడం లేదు, వదిలితే జారిపోతోంది.

"పట్టుకోవాలె," అన్నాడు సుమన్. "ఎవలన్న ఒత్తి పట్టుకోవాలె."

ఎవరూ ఏమీ అనకముందే పూలమ్మ పీట లాక్కుని ఎక్కింది. బొటనవేలు పెట్టి ప్లగ్గును రౌటర్‌లోకి ఒత్తింది. "గిట్లనేనా?"

"గట్లనే."

ఒంటిగంటా నలభై ఆరు. లాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుంది. పాత పేజీ కాదు, ఎప్పుడూ చూడనిది, ఎటు చూసినా మెనూలే. నెట్‌వర్క్ అనే మాట నాలుగు చోట్ల ఉంది, ఏది నొక్కాలో తెలియలేదు. ఒకటి నొక్కితే గీతల బొమ్మలు వచ్చాయి. వెనక్కి పోయి ఇంకోటి నొక్కాడు. చివరికి వైర్‌లెస్ దొరికింది. రెండు వరసలు, రెండింటి పక్కనా 'ఆపి ఉంది' అన్న అర్థం వచ్చే ఒకటే ఇంగ్లీషు ముక్క. మూసిన షట్టర్లు రెండు. దేశం అడిగితే ఇండియా అన్నాడు, పేరు అడిగితే 'బాలన్న లష్కర్' అని కొట్టాడు.

"పాత పాస్‌వర్డే పెడుదాం, ఏందక్కా అది?"

"బాపు తూముల నంబర్లు," అంది వనిత. బాలన్న ఒక్కొక్కటే చెప్పాడు, పొలాలకు నీళ్లు పంచినంత నిదానంగా. గడియారం ఒంటిగంటా యాభై రెండు చూపిస్తోంది.

"జర జల్ది పెద్దనాయినా!"

"తప్పు చెప్తే మల్ల మొదటికి రావాలె గదా."

నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కబోయి ఆగాడు. వైఫై లైటు ఒకసారి మిణుకుమంది, ఆగింది, మళ్లీ మిణుకుమంది, ఇక ఆగలేదు.

వనిత వెనక గదిలోకి, తన కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. తలుపు పడింది. ముందు గదిలో ముగ్గురూ ఆ తలుపు వైపే చూస్తున్నారు. రోడ్డు మీద లారీ పోయింది. గడియారంలో ఒంటిగంటా యాభై ఎనిమిది. తర్వాత తలుపు వెనక నుంచి, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో వనిత అంది, "నమస్కారమండీ, నా పేరు వనిత. చెప్పండి, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"గట్ల మాట్లాడుతదా మనతోని ఎన్నడన్న?" అన్నాడు బాలన్న గుసగుసగా.

సుమన్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. వెనక గదిలో సిగ్నల్ ఈసారి తెగకుండా నిలుస్తుందో లేదో తెలియదు. నిలిస్తే ఎందుకు నిలిచిందో కూడా చెప్పలేడు. ఆరింటికి షిఫ్టు అయ్యాకే తెలుస్తుంది. తల ఎత్తి చూస్తే పూలమ్మ ఇంకా పీట మీదే ఉంది, బొటనవేలు ప్లగ్గు మీదే ఉంది, వేలి కొస తెల్లగా పాలిపోయింది.

"పెద్దమ్మా, అయిపోయింది! ఇగ వైరుతోని పనిలేదు. ఇడిచిపెట్టు."

"ఇడువాల్నా? పొద్దుగాల పట్టుకుంటే ఒర్రినవ్, ఇప్పుడు ఇడువమంటున్నవ్." దిగలేదు. "వస్తున్నదా ఇంకా? ఆగిందేమో చూడు ముందు."

సుమన్ పోయి తలుపు దగ్గర చెవి పెట్టాడు. వనిత మాట్లాడుతూనే ఉంది. చెప్పాడు. అప్పుడు మెల్లగా వేలు తీసింది. లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది.

"పెద్దమ్మా, పొద్దుగాల నేను..."

"అన్నవు గదా అప్పుడే. ఎన్నిసార్లంటవ్?" పీట దిగి పూలమ్మ కింద పడేసిన పాల ప్యాకెట్ కవర్లు రెండూ ఏరుకుంది. వైరు కొసలకు మళ్లీ చుట్టి, దారం కట్టి, పళ్లతో ముడి బిగించి, చుట్టంతా అతని చేతిలో పెట్టింది. "పో, పైన దండెం కట్టు. బట్టలు తడితడిగనే ఉన్నయ్. మల్ల ఎన్నడన్న కొత్తది ఎక్కిస్తనంటే నాకు ముందుగాల చెప్పు. ఆ రోజు బట్టలు ఉతుకను."